ఆరేళ్ల గన్ సర్వీసు

నాకు కోపం ఎక్కువని మా ఆయన రాధాకృష్ణ దుబాయ్ అల్ కుసైస్‌లో మాకు తెలిసిన ప్రతి ఇంట్లోనూ చెప్పిపెట్టాడు. ఎక్కువే, కాదనను. కానీ 2005 మార్చిలో నాకు ఆ కోపం రాకపోయుంటే లింబాద్రి బొటనవేలు ఎగిరిపోయేది. వేలితో పోతే అదృష్టమే, పక్కన నిలబడ్డవాడి ప్రాణం కూడా పోయేది. అందుకని ఈ ఒక్క విషయంలో మాత్రం నా కోపాన్ని ఎవరైనా ఏమన్నా అంటే ఊరుకోను.

నా పేరు బాలత్రిపురసుందరి, మాది రాజమండ్రి. పేరు పొడుగని ఆఫీసులో సుందరి మేడం అంటారు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ సెక్యూరిటీ కంపెనీ. గార్డుల ఫారాలు నింపడం, డ్యూటీలు వేయడం, వాళ్ల హిందీని మా ముదీర్‌కి, అంటే మేనేజరుకి, ఇంగ్లీషులో చెప్పడం, ఆయన అరుపుల్ని వాళ్లకి కాస్త మర్యాద కలిపి చెప్పడం నా ఉద్యోగం. మా గార్డుల చేతిలో టార్చిలైటూ విజిలూ తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

అలాంటి కంపెనీకి వజ్రాల ఎగ్జిబిషన్ పని తగిలింది. ఏప్రిల్లో నాలుగు రోజులు. నలుగురు మనుషులు కావాలి, యూనిఫారం వేయకూడదు, చూడ్డానికి కొనడానికొచ్చిన పెద్దమనుషుల్లా ఉండాలి, కోటు కింద మాత్రం పిస్తోలు ఉండాలి. పోలీసులు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. షరతు ఒక్కటే. తుపాకీ అనుభవం ఉన్నవాడికి కంపెనీ ఉత్తరం ఇస్తే చాలు. లేనివాడు రెండు వారాలు ట్రైనింగు తీసుకుని వాళ్ల కెప్టెన్ పెట్టే పరీక్షలో పాసవ్వాలి.

ముదీర్ ఆ కాగితంలో మొదటి ముక్క చదివి ఆపేశాడు. "ఖలాస్! అనుభవం ఉన్నవాళ్లనే పట్టుకురండి. ట్రైనింగ్ లేదు, పరీక్ష లేదు."

పట్టుకొచ్చే బాధ్యత అమీర్ జాన్ చాచాది. పెషావర్ వైపు మనిషి, రిటైరైన హవల్దారు, మా గార్డులకు మేస్త్రీ లాంటివాడు. మీసం చూస్తే భయం వేస్తుంది, మనసు మాత్రం వెన్న. రెండు రోజుల్లో నలుగుర్ని ఏరి నా బల్ల ముందు నిలబెట్టాడు. ముగ్గురు మాజీ సైనికులు, అందులో గుంటూరు దేవదానం ఒకడు. నాలుగోవాడు మా లింబాద్రి.

"బేటీ, వీడు హీరా!" అన్నాడు చాచా. "ఆరేళ్లు గన్‌మ్యాన్. కార్డు చూడు."

చూశాను. పాత కంపెనీ ఐడీ కార్డు. ఫొటో కింద నిజంగానే గన్‌మ్యాన్ అని అచ్చేసి ఉంది. సన్నటి మనిషి, ముప్ఫై దాటి ఉంటాయి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కార్డు మీద ఊరు ఆర్మూరు దగ్గరిదని చూసి తెలుగులో అడిగాను.

"ఏం పిస్తోలు వాడేవాడివయ్యా?"

"పిస్తోలెక్కడిది మేడం? గన్. సిలికాన్ గన్."

నేను పెన్ను కింద పెట్టాను.

"గదే మేడం, అద్దానికి ఫ్రేముకు నడుమ సందులు నింపుతం గద, తెల్లగ కారుతది. మా కంపెనీల గా పని జేసేటోన్ని గన్‌మ్యానే అంటరు. గీడ వజ్రాలు వెట్టే అద్దాల పెట్టెలకు సందులుంటే నేను బంద్ జెయ్యాలె. గంతే గద? గన్ను గూడ షేట్‌లకు కనవడకుంట కోటు కింద వెట్టుకోవాలె అంటుండ్రు. సిలికాన్ కారుతే కోటు ఖరాబైతది మేడం. మూతున్నది ఇప్పియ్యుండ్రి."

నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, బల్ల మీద తల పెట్టేసి నవ్వాను. చాచా నాకు ఫిట్స్ వచ్చాయనుకుని నీళ్లకి పరిగెత్తాడు. లింబాద్రి మాత్రం నవ్వలేదు, తప్పేదో జరిగిందని పసిగట్టి మొహం వాల్చేశాడు.

చాచా వచ్చేలోపు ఉన్న సంగతి చెప్పాను, ఇది నిజం తుపాకీ అని. అతని మొహంలో రంగు మారిపోయింది. అప్పుడు తన సంగతి చెప్పాడు. అద్దాల కంపెనీ మూతపడింది. నెలాఖరులోగా కొత్త కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, దొరక్కపోతే వీసా రద్దు, ఏప్రిల్ ఒకటికి ఇండియా విమానం. సజ్జా లేబర్ క్యాంపులో తనతో ఉన్న పన్నెండు మందిలో తొమ్మిది మంది అప్పటికే వెళ్లిపోయారు. భార్య నవత నిజామాబాద్‌లో నర్సు కోర్సు ఆఖరి ఏడాదిలో ఉంది. ఇప్పుడు ఇతను ఇంటికి పోతే ఆమె చదువు ఆగిపోతుంది.

"అబద్ధమాడలె మేడం. గన్ ఎక్స్‌పీరియెన్స్ ఉందా అన్నరు, ఉందన్న," అన్నాడు. నిజమే కదా, ఏం తప్పుంది అందులో?

చాచా నీళ్ల గ్లాసుతో వచ్చాడు. ఉత్తరం టైపు చెయ్యి బేటీ, ముదీర్ సంతకం పెడతాడు అన్నాడు. నా పరిస్థితి ఏం చెప్పను! నిజం చెబితే ఈ మనిషి ఏప్రిల్ ఒకటిన విమానం ఎక్కుతాడు. ఉత్తరం టైపు చేస్తే జన్మలో తుపాకీ ముట్టనివాడు కోటు కింద పిస్తోలుతో జనంలో తిరుగుతాడు. రెండూ కుదరవు. ఇలాంటప్పుడే నాకు కోపం వస్తుంది. వచ్చింది.

"ఉత్తరం లేదు, గిత్తరం లేదు," అన్నాను. "నలుగురికీ ట్రైనింగే. నలుగురికీ పరీక్షే."

"పఠాన్ ఏరిన మనుషులకి ట్రైనింగా? తౌబా!" అన్నాడు చాచా. మీసం వణికింది.

గొడవ ముదీర్ గదిలోకి వెళ్లింది. చాచా వాదన ఆయనది. తుపాకీ వాడినవాడికి మళ్లీ నేర్పడమంటే అవమానం, అన్నం తినేవాడికి ముద్ద కలపడం నేర్పుతారా అని. ముదీర్ గడియారం చూసుకుంటూ, యల్లా, త్వరగా తేల్చండి అంటున్నాడు.

"సార్, చేతిలో రైఫిల్ పట్టుకుని నిలబడితే చూసినవాడు వాడంతట వాడే పక్కకి తప్పుకుంటాడు," అన్నాను. "కోటు కిందది ఎవడికీ కనబడదు. పక్కనే పిల్లల్ని ఎత్తుకుని ఆడవాళ్లు రాసుకుంటూ పోతారు. అక్కడ తుపాకీ ఉందని తెలిసినవాడు ఒక్కడే, మోసేవాడు. వాడికైనా దాని సంగతి పూర్తిగా తెలియాలా, అక్కర్లేదా? రేపు జనంలో ఏదన్నా అయితే ఆ ఉత్తరం మీద సంతకం ఎవరిది? మీదేనా, చాచాదా?"

సంతకం అనేసరికి ముదీర్ గడియారం చూడ్డం మానేశాడు. రెండు నిమిషాల్లో నలుగురికీ పద్నాలుగు రోజులు ట్రైనింగు, ఆఖర్న పోలీసు పరీక్ష, పాసైనవాడికి కంపెనీ వీసా అని తేలిపోయింది. నేర్పడానికి పోలీసులే చాచాకి ప్రత్యేక అనుమతిచ్చి, తమ కాల్పుల రేంజిలో చోటిచ్చారు. చాచా నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

లింబాద్రి భయంతో చచ్చిపోతాడేమో అనుకున్నాను. కానీ మొదటి రోజు ఉదయం నవ్వుతూ వచ్చాడు. "నవతకు ఫోన్ జేసిన మేడం. మాకు సూది వట్టుకోనీకే ఆర్నెల్లు నేర్పిండ్రు, నీకు తుపాకి గట్లనే ఇచ్చేటోళ్లకు బుద్ధుందా అని తిట్టింది. మేడం ట్రైనింగు వెట్టిపిచ్చిందంటే, ఆమె కాళ్లు మొక్కు అన్నది."

"మొక్కేం వద్దు, నేర్చుకో," అన్నాను.

అనువాదానికి నేనూ వెళ్లాలి కాబట్టి అన్నీ కళ్లారా చూశాను. మొదటి రోజు ఖాళీ పిస్తోలు. దేవదానం పదేళ్లు సైన్యంలో చేసినవాడు, గురి బాణంలా ఉంది. అయితే కోటు తొడిగి కింద పిస్తోలు పెట్టగానే రెండు నిమిషాలకోసారి పక్కటెముకలు తడుముకోవడం మొదలుపెట్టాడు, బస్సులో పర్సు ఉందో లేదో చూసుకునేవాడిలా. చూసేవాడికి ఇక్కడే ఉంది తీసుకో అని చెప్పినట్టే. చాచా తల పట్టుకున్నాడు. పదేళ్లలో అతను ఒక్కసారి కూడా తుపాకీని దాచుకుని తిరగలేదు మరి.

తరవాత లింబాద్రి వంతు. చాచా హిందీలో అరుస్తున్నాడు, ట్రిగ్గర్‌ని గుంజకు, మెల్లగా పిండు, మెల్లగా అని. సైనికులు ముగ్గురికీ గుంజే అలవాటు. లింబాద్రి మాత్రం ఎంత మెత్తగా నొక్కాడంటే, పిస్తోలు మూతి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. చాచా కళ్లు పెద్దవయ్యాయి. "వాహ్! చూశారా ఆరేళ్ల చెయ్యి!"

ఆ మాట పూర్తి కాలేదు. లింబాద్రి ఎడమచేతి బొటనవేలు నాలికతో తడిపి, పిస్తోలు మూతి మీద పెట్టి సుతారంగా తుడిచాడు.

నాకు వెంటనే అర్థమైంది. సిలికాన్ గీత వేశాక వేలు తడిపి గీతని నునుపు చేస్తారు, నాజిల్ మూతికి అంటుకున్నది తుడిచేస్తారు. ఆరేళ్లలో ఎన్ని లక్షలసార్లు చేశాడో ఆ పని, వేలు దానంతటదే వెళ్లిపోయింది. చాచా పిస్తోలు లాక్కుని, ఖాళీదేనని మళ్లీ చూసి, నా దగ్గరకి వచ్చాడు. "ఆరేళ్లు మూతి మీద వేలు పెట్టినవాడికి పది వేళ్లూ ఎలా ఉన్నాయి బేటీ? నిజం చెప్పు."

ఇక దాచలేక సిలికాన్ సంగతి చెప్పేశాను. ముందు చాచా మొహం ఎర్రగా అయింది. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టాల్సిందే. కానీ ఆయన ఇసుకలో కూలబడిపోయాడు.

"నేను ఉత్తరం ఇమ్మన్నాను," అన్నాడు. "ట్రైనింగ్ అక్కర్లేదన్నాను. నువ్వు పోట్లాడకపోతే వీడు నిండు పిస్తోలుతో ఆ పని చేసేవాడు. జనంలో."

"ముదీర్‌కి చెబుతారా చాచా?"

"ఎందుకు? పరీక్ష ఉంది కదా. పాసైతే ఉంటాడు, లేకపోతే పోతాడు. పాస్ చేయించడం నా పని." లేచి మీసం దువ్వుకున్నాడు. "ఇంకెప్పుడైనా ఎవడైనా ట్రైనింగ్ వద్దంటే నా దగ్గరకి పంపు."

అప్పటినుంచీ ఆయనంత గట్టి ట్రైనింగు మనిషి ఇంకొకడు లేడు. ఎండ వచ్చేదాకా పాఠం, ఎండ తగ్గాక మళ్లీ పాఠం. పిస్తోలు ఎవరిచ్చినా సరే, కన్నతండ్రి ఇచ్చినా సరే, నీ కళ్లతో ఖాళీదో కాదో చూసుకునేదాకా అది నిండుదే. మూతి ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదు. లింబాద్రి అన్నీ ఇట్టే పట్టేశాడు, క్యాంపులో మంచం మీద పడుకుని వల్లె వేసేవాడు. గురి కూడా కుదిరింది. వేలు ఒక్కటే మాట వినలేదు. పది కాల్పుల్లో ఆరుసార్లు నాలిక మీదికి పోయేది. చాచా అరిచాడు, బతిమాలాడు, బెత్తం తెచ్చాడు. ఆరో రోజుకి ఇద్దరికీ ఏడుపొక్కటే తక్కువ.

"గీ ఏలు నన్ను ఇంటికి తోలేటట్టున్నది మేడం," అన్నాడు లింబాద్రి.

నాకు మళ్లీ కోపం వచ్చింది, ఈసారి వేలు మీద. ఇంటికెళితే మా అమ్మాయి స్నిగ్ధ టీవీ ముందు కూర్చుని ఉంది. దాన్ని చూడగానే తట్టింది. అది మూడేళ్లదాకా వేలు చీకేది. ఎన్ని చెప్పినా మానలేదు, చివరికి మా అమ్మ ఫోన్లో చెప్పిన వైద్యమే పనిచేసింది. అప్పటికప్పుడు రాధాకృష్ణని సూపర్‌మార్కెట్‌కి తరిమాను.

"ఇప్పుడు కాకరకాయలేంటే?" అన్నాడు.

"కూరకి కాదు, తుపాకీకి," అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, పెళ్లయి పన్నెండేళ్లయింది కదా.

మర్నాడు చిన్న సీసా నిండా కాకరకాయ రసం పట్టుకెళ్లి, లింబాద్రి బొటనవేలికి దట్టంగా పూశాను. మొదటి కాల్పు అయ్యింది. వేలు నాలిక మీదికి వెళ్లింది. మొహం ఎలా వంకర తిరిగిందంటే దేవదానం నేల మీద పడి దొర్లాడు. ఇదేం విషమని చాచా సీసాలో వేలు ముంచి నాకి, వెంటనే పెషావర్ భాషలో ఏదో అన్నాడు. అర్థం అడగలేదు.

"మేడం, మా అవ్వ లక్ష్మవ్వ గూడ నాకు చిన్నప్పుడు గిట్లనే రాసిందట!" అన్నాడు లింబాద్రి, ఉమ్ముతూ నవ్వుతూ. రసం పూసిన రెండో రోజు వేలు నోటిదాకా వచ్చి ఆగేది. మూడో రోజు ఛాతీ దగ్గర ఆగేది. ట్రైనింగు పదమూడో రోజుకి కదలడం మానేసింది.

పరీక్ష మార్చి ఇరవై తొమ్మిదిన. పోలీసు కెప్టెన్ నడివయసు మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఇంగ్లీషులో అడుగుతాడు, నేను తెలుగులో చెప్పాలి. ముదీర్ కూడా వచ్చాడు. ముందు సైనికులవి అయిపోయాయి, వాళ్లకి ఇంగ్లీషు వచ్చు కాబట్టి అంతసేపూ మేం బయటే ఉన్నాం; ఆఖర్న అందర్నీ లోపలికి రమ్మని లింబాద్రిని పిలిచారు. కొత్త కోటు భుజాల దగ్గర వదులుగా ఉంది. స్నిగ్ధని కన్నప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

ఐదు తూటాలు, ఐదూ నల్లటి వలయం లోపలే పడ్డాయి. అప్పుడు ఎడమచెయ్యి మెల్లగా లేచింది. చెయ్యి నోటిదాకా వెళ్లింది, ఒక్క క్షణం ఆగింది, మీసం గోక్కుని కిందికి దిగిపోయింది. చాచా గట్టిగా అల్లాని తలుచుకున్నాడు. కెప్టెన్ ఆయన వైపు వింతగా చూశాడు.

అంతా అయిపోయిందనుకున్నాను. కెప్టెన్ ఫారం తీశాడు. మొదటి రోజు చాచా స్వయంగా నింపినది, అనుభవం దగ్గర ఆరేళ్లు అని ఉంది. దాన్ని మార్చాలని నాకు తట్టనే లేదు, బుర్ర ఎక్కడ పెట్టుకున్నానో!

"ఆరేళ్లు. ఏ తుపాకీ?" అన్నాడు కెప్టెన్.

తెలుగులో అడిగాను. అడుగుతూనే మనసులో అబద్ధం తయారు చేసుకున్నాను. ఇతను ఏం చెప్పినా సరే, చిన్న చేతి తుపాకీ అనేస్తే సరి. లింబాద్రికి నా మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"ఉన్నదున్నట్టు చెప్పుండ్రి మేడం. గిది అబద్ధం మీద తొడుక్కునే కోటు గాదు. పోతే పోత."

చెప్పాను. సిలికాన్ గన్, అద్దాలు, సందులు, అంతా. ముదీర్ నోరు తెరిచాడు, మూయలేదు. కెప్టెన్ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. బల్ల సొరుగులోంచి ఇంకో పిస్తోలు తీసి లింబాద్రికి అందించాడు. "ఇది ఖాళీది. కోటు కింద పెట్టుకుని ఆ గోడదాకా నడిచి రా."

లింబాద్రి చెయ్యి చాపలేదు. "బల్ల మీద వెట్టమనుండ్రి మేడం." పెట్టాక, మూతి గోడ వైపు తిప్పి, తూటాలుండే మ్యాగజైన్ లాగి పక్కన పెట్టాడు. ఆ తర్వాత పైభాగం వెనక్కి లాగాడు. టక్కుమని ఒక తూటా బయటికి దూకి బల్ల మీద దొర్లింది.

"ఖాళీ గాదు సార్," అన్నాడు హిందీలో, కొంచెం భయంగా, పెద్దాయన తప్పు పట్టుకున్నందుకు.

అది ఉత్తుత్తి తూటా, మందు లేనిది. కెప్టెన్ దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ మొదటిసారి నవ్వాడు. "ఇందాక ఇద్దరు దీన్ని చూసుకోకుండా కోటు కింద పెట్టేసుకున్నారు. ఇద్దరికీ పదేసి ఏళ్ల సర్వీసు." నేను తెలుగులో చెప్పగానే దేవదానం నెత్తి గోక్కున్నాడు. ఆ ఇద్దరికీ రెండు రోజులు అదనపు పాఠమని తేలింది.

కెప్టెన్ పెన్ను తీసి ఆరేళ్లు అన్నది కొట్టేశాడు. దాని పక్కన పద్నాలుగు రోజులు అని రాశాడు. కింద పాస్ అని ముద్ర గుద్దాడు.

చాచా లింబాద్రిని కోటుతో సహా గాల్లోకి ఎత్తేశాడు. నేను ఏడ్చేశాను, సిగ్గు కూడా పడలేదు. ముదీర్ ఎప్పుడో తెరిచిన నోరు మూసి, "యల్లా సుందరీ, వీసా కాగితాలు ఇవాళే వెయ్యి," అన్నాడు. తర్వాత ఎగ్జిబిషన్ నాలుగు రోజులూ ఏ కోటు గుండీ విప్పాల్సిన అవసరం రాలేదు, దేవదానం ఒక్కసారి కూడా పక్కటెముకలు తడుముకోలేదు. అది వేరే సంగతి. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ సాయంత్రం చాచా కార్లో లింబాద్రిని సజ్జాలో దింపడానికి వెళ్లడం.

లింబాద్రి వెనక సీటులోంచి మెల్లగా అడిగాడు.

"మేడం, ఏప్రిల్ ఒకటి నాడు నేను ఈడనే ఉంటనా?"

"ఉంటావు."

"రెండు నాడు?"

"ఉంటావయ్యా."

"మూడు నాడు?"

"లింబాద్రీ! క్యాలెండరంతా చదువుతావా ఏంటి?" అని కసిరాను. చాచా పగలబడి నవ్వాడు. లింబాద్రీ నవ్వాడు, కానీ అడగడం ఆపలేదు. ఒక్కో తారీఖూ అడుగుతూనే ఉన్నాడు, నేను ఒక్కోదానికీ ఉంటావని చెబుతూనే ఉన్నాను. కారు సజ్జా చేరేసరికి మేం జూలైలో ఉన్నాం.